కిడ్నీ డాక్టరు దూరం, క్యాంపు నర్సు దగ్గర: ఒమన్‌లో మనవాళ్ల రక్తపరీక్ష ఎవరు చూడాలి?

ఒమన్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా బయట ఎండలో పని చేయించకూడదు. ఈ సంగతి మస్కట్, సోహార్, దుక్మ్ క్యాంపుల్లో ఉన్న మనవాళ్లకే కాదు, ఊళ్లో ఉన్న ఇంటివాళ్లకు కూడా తెలుసు. వడదెబ్బ అంటే అందరికీ భయమే. మనిషి కళ్లముందే కూలిపోతాడు, అంబులెన్స్ వస్తుంది, కంపెనీ కూడా కదులుతుంది. కిడ్నీ జబ్బు అట్లా రాదు, చప్పుడు చేయకుండా వస్తుంది. పొద్దున పదింటికే ఒళ్లు కాలిపోయే రోజుల్లో చెమటగా నీళ్లన్నీ పోయి, తాగాల్సినంత తాగక, సాయంత్రం ఒళ్లునొప్పులకు ఒక గోలీ మింగి పడుకున్న మనిషి తెల్లారి మళ్లీ డ్యూటీకి పోతాడు. అట్లా ఐదేళ్లు కూడా పోవచ్చు. ఆరో ఏట కాళ్లు వాచి, ఆయాసం వచ్చి ఆసుపత్రికి వెళితే డాక్టరు నోటి నుంచి మొదట వినిపించే మాట డయాలసిస్.

ఇది మన భయం మాత్రమే కాదు. పని చేసే చోట వేడి వల్ల వచ్చిన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుతో ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 62 లక్షల మంది బతుకుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో చెప్పింది. ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లో పడుచు కూలీలు బీపీ, షుగరు ఏమీ లేకుండానే కిడ్నీలు పోగొట్టుకోవడం చూసి ప్రపంచం ఈ జబ్బును పట్టించుకోవడం మొదలుపెట్టింది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నేపాలీ కార్మికుల్లో డయాలసిస్‌కు చేరినవాళ్ల గురించి ఎన్నో కథనాలు వచ్చాయి. మన తెలుగువాళ్ల గురించి అంత లెక్క ఎవరూ తీయలేదు. కానీ పని అదే, ఎండ కూడా అదే.

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా చర్చ డయాలసిస్ మిషన్ల మీదకు, కిడ్నీ డాక్టర్ల సంఖ్య మీదకు పోతుంది. అవి అవసరమే. కానీ అవి కథ చివర్లో వచ్చేవి. ఆ ఐదేళ్లూ అతని రక్తం, మూత్రం, బీపీ ఎవరు చూశారన్నది అంతకంటే ముందు అడగాల్సింది. క్యాంపులో ఉన్న కార్మికుడు కిడ్నీ స్పెషలిస్టును కలిసే అవకాశం చాలా తక్కువ. అతనికి అందుబాటులో ఉండేది కంపెనీ క్లినిక్‌లో కూర్చునే నర్సు. ఆ నర్సుకు ఏం చూడాలో నేర్పి, చూసినదాని మీద చర్య తీసుకునే అధికారం ఇస్తే ఎంత తేడా వస్తుందో వేరే దేశాలు ఇప్పటికే చూపించాయి.

నర్సుకూ డాక్టరుకూ మధ్య ఇంకొకరు

అమెరికాలో 1965లో రెండు కొత్త ఉద్యోగాలు పుట్టాయి. కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు మొదలుపెట్టారు. అదే ఏడాది డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు పెట్టారు. మామూలు నర్సు డాక్టరు రాసింది అమలు చేస్తుంది. ఈ కొత్త రకం వాళ్లు అదనంగా రెండు మూడేళ్లు చదివి, తామే రోగిని పరీక్షిస్తారు, టెస్టులు రాస్తారు, చాలా రాష్ట్రాల్లో మందులు కూడా రాస్తారు. డాక్టరుకు బదులు కాదు వీళ్లు, డాక్టరు చేయి అందని చోటికి అందే వాళ్లు.

కిడ్నీ జబ్బుకు ఈ పద్ధతి ప్రత్యేకంగా నప్పింది. ఎందుకంటే ఇది ఒక్క ఆపరేషన్‌తో, ఒక్క ఇంజక్షన్‌తో తేలే జబ్బు కాదు. నెలనెలా చూసుకోవాలి. బీపీ ఎంత, మూత్రంలో ప్రొటీన్ పోతోందా, రక్తం తగ్గిందా, పొటాషియం పెరిగిందా, ఏ మందు డోసు తగ్గించాలి, ఏది మానేయాలి అని ఒకరు ఓపిగ్గా వెంటపడాలి. డయాలసిస్ మొదలయ్యాక ఈ పని ఇంకా పెరుగుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు మిషన్ మీద ఉండే మనిషికి ఎంత నీరు తీయాలి, చేతి ఫిస్టులా బాగా పని చేస్తోందా అన్నది దగ్గర ఉండి చూసేవాళ్లే చెప్పగలరు. 2004లో అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్, నెలలో రోగిని ఎన్నిసార్లు చూశారన్నదాన్ని బట్టి డబ్బులివ్వడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి డయాలసిస్ సెంటర్లలో నర్స్ ప్రాక్టీషనర్ల అవసరం ఇంకా పెరిగింది. నిజం చెప్పాలంటే అక్కడ ఈ మార్పు వెనక దయ కంటే బిల్లింగు పాత్రే ఎక్కువ.

మరి ఫలితం ఉందా? నెదర్లాండ్స్‌లో 9 ఆసుపత్రుల్లో 788 మంది కిడ్నీ రోగుల మీద మాస్టర్‌ప్లాన్ అనే పరిశోధన చేశారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి అదే వైద్యంతో పాటు నర్స్ ప్రాక్టీషనర్ తోడు. డయాలసిస్‌కు చేరడం, చనిపోవడం, క్రియాటినిన్ ఒకటిన్నర రెట్లు కావడం అనే మూడింటినీ కలిపి లెక్కిస్తే నర్సు తోడున్న వాళ్లలో 20 శాతం తక్కువ అని 2014లో తేల్చారు. గుండెజబ్బులు తగ్గుతాయని మొదట ఆశించారు, అందులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ కొత్త మందేమీ ఇవ్వలేదు. ఉన్న మందులనే సరిగ్గా వాడేలా, ఉప్పు తగ్గించేలా, బీపీ అదుపులో ఉండేలా ఒక మనిషి వెంటపడింది. అంతే తేడా.

ఇంకో వైపు కూడా చూడాలి. బ్రిటన్‌లో ఫిజీషియన్ అసోసియేట్లను డాక్టర్ల స్థానంలో చవగ్గా వాడుకుంటున్నారని పెద్ద గొడవ జరిగింది. 2025 జూలైలో వచ్చిన లెంగ్ సమీక్ష, వాళ్ల పేరును మళ్లీ అసిస్టెంట్ అని మార్చాలని, ఏ జబ్బో ఇంకా తేలని రోగిని వాళ్లే మొదట చూడకూడదని సూచించింది. క్యాంపుల విషయంలో ఈ హెచ్చరిక మరీ ముఖ్యం. నర్సుకు అధికారం ఇచ్చామని చెప్పి డాక్టరును పూర్తిగా ఎత్తేసే కంపెనీలూ ఉంటాయి. మనవాళ్లకు కావాల్సింది అది కాదు.

ఒమన్‌లో ఉన్నదేమిటి

ఒమన్‌లో అమెరికా తరహా నర్స్ ప్రాక్టీషనర్ పద్ధతి ఇంకా స్థిరపడలేదు. కిడ్నీ విభాగంలో నర్సులకు ప్రత్యేక శిక్షణ మాత్రం మస్కట్‌లో ఎన్నో ఏళ్ల కిందటే మొదలైంది. డయాలసిస్ యూనిట్లలో ఆ అనుభవం ఉన్న నర్సులున్నారు, వాళ్లలో కేరళ వాళ్లు చాలామంది. కానీ వాళ్లు ఉన్నది ఆసుపత్రిలో. కార్మికుడు వాళ్ల దగ్గరికి చేరేసరికి ఆలస్యం అయిపోతోంది.

క్యాంపు వైపు చూస్తే, పునాది లేకపోలేదు. 2003 నాటి ఒమన్ కార్మిక చట్టం, అంటే రాయల్ డిక్రీ 35/2003, ఒకే చోట 100 మందికి మించి పనివాళ్లుంటే అర్హత ఉన్న నర్సును పెట్టాలని, డాక్టరు వచ్చి చూసేలా ఏర్పాటు చేయాలని, మందులు ఉచితంగా ఇవ్వాలని రాసింది. 500 మంది దాటితే స్పెషలిస్టు వైద్యం బాధ్యత కూడా యజమానిదే అంది. ఆ చట్టం స్థానంలో 2023లో రాయల్ డిక్రీ 53/2023 వచ్చింది. వైద్యసాయం బాధ్యత యజమాని మీద ఉండటం మారలేదు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఒమనీలతో సమానంగా ఉచిత వైద్యం ఉండదు కాబట్టి ఈ బాధ్యతే మనకు ఆధారం.

అయితే క్యాంపు నర్సు చేసే పని ఏమిటి? దెబ్బ తగిలితే కట్టు కట్టడం, జ్వరానికి గోలీ ఇవ్వడం, సిక్ లీవ్ కావాలంటే ఆసుపత్రికి పంపడం. చాలాచోట్ల అంతకుమించి ఏమీ అడగరు. కొన్ని క్లినిక్‌లలో ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి చేతికందేంత సులువుగా దొరుకుతాయి. నీళ్లు ఎండిపోయిన ఒంట్లో కిడ్నీకి రక్తం సరిగ్గా అందదు. ఆ సమయంలో ఈ గోలీలు ఆ కాస్త రక్తాన్ని కూడా తగ్గిస్తాయి. రోజూ వాడితే దెబ్బ మీద దెబ్బ. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే "నొప్పుల గోలీలు రెండు షీట్లు పంపు" అని అడిగితే పంపే ఇంటివాళ్లు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుందేమో ముందు డాక్టరునో, నర్సునో అడగమనండి.

చేతిలోనే ఉన్న అంకె

ఇక్కడ మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. వీసాకు ముందు హైదరాబాద్‌లోనో, వేరే ఊళ్లోనో చేయించుకునే మెడికల్‌ను మనం ఇప్పటికీ గామ్కా అనే అంటాం, ఇప్పుడది వాఫిద్. అందులో క్రియాటినిన్ పరీక్ష కూడా ఉంటుంది. కిడ్నీలు పూర్తిగా చెడినవాళ్లను అన్‌ఫిట్ చేయడానికి పెట్టిన పరీక్ష అది. ఫిట్ అని వచ్చాక ఆ కాగితాన్ని ఎవరూ మళ్లీ చూడరు, ఏజెంటు ఫైల్లోనే ఉండిపోతుంది. నిజానికి ఎడారిలో అడుగుపెట్టకముందు మీ కిడ్నీ ఎట్లా ఉందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఎందుకంటే క్రియాటినిన్ ఒక్క అంకెగా చూస్తే మోసం చేస్తుంది. 35 ఏళ్ల మేస్త్రీ ఒకాయన జగిత్యాల నుంచి మస్కట్ వెళ్లాడనుకుందాం. వెళ్లేముందు క్రియాటినిన్ 0.9. ఆ వయసు మగమనిషికి దాన్ని లెక్క కడితే కిడ్నీ పనితనం, అంటే డాక్టర్లు ఈజీఎఫ్ఆర్ అనేది, సుమారు 114 వస్తుంది. ఐదేళ్ల తర్వాత ఎక్కడో పరీక్ష చేయిస్తే 1.3 వచ్చింది. చాలా ల్యాబుల కాగితాల మీద 1.3 నార్మల్ లోపలే ఉంటుంది, పక్కన నక్షత్రం గుర్తు కూడా ఉండదు. కానీ 40 ఏళ్లకు 1.3 అంటే పనితనం సుమారు 71. ఐదేళ్లలో మూడో వంతుకు పైగా పోయింది, కాగితం మాత్రం బాగుందనే అంటోంది. పాత అంకె పక్కన పెట్టి చూసేవాళ్లు ఉంటేనే ఇది తెలుస్తుంది.

ఈ పోలిక చూడటానికి స్పెషలిస్టు అక్కర్లేదు. శిక్షణ ఉన్న నర్సు చేయగలదు. బీపీ పట్టీ, మూత్రంలో ముంచే స్ట్రిప్, ఏడాదికి రెండుసార్లు రక్తపరీక్ష. ఒకటి ఎండాకాలం ముందు, ఇంకొకటి సెప్టెంబరులో. ఒక్కసారి పెరిగిందని కంగారు పడకూడదని కూడా ఆ నర్సుకు తెలియాలి. ఎండలో పనిచేసి నీళ్లు తగ్గినప్పుడు క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. బాగా నీళ్లు తాగించి, విశ్రాంతి ఇచ్చి, కొన్ని రోజులకు మళ్లీ చూడాలి. మూడు నెలల తర్వాత కూడా దిగకపోతే అప్పుడది దీర్ఘకాలిక జబ్బు కిందికి వస్తుంది. ఎవరిని మళ్లీ పరీక్షించాలి, ఎవరిని నీడలో పనికి మార్చాలి, ఎవరిని వెంటనే కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపాలి అని తేల్చడమే ఈ నర్సు అసలు పని. ఇప్పుడున్న క్యాంపు నర్సుకు ఆ చదువు లేదు, ఆ అధికారం లేదు. ఫోర్‌మన్‌తో "ఈయన్ని వారం పాటు ఎండలోకి పంపొద్దు" అని చెబితే చెల్లదు.

మన దగ్గర ఇందుకు ఉదాహరణలు లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సుమారు ఐదుగురు పెద్దల్లో ఒకరికి కిడ్నీ జబ్బు లక్షణాలున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ పోయిన మనిషి లేని వీధి అరుదు. అక్కడ ఊళ్లలో పరీక్షలకు జనాన్ని పోగుచేసింది, ఫలితం వచ్చాక ఇంటికి వెళ్లి చెప్పింది ఎక్కువగా ఆశా, ఏఎన్ఎంలే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఆ పని వాళ్ల భుజాల మీదే నడిచింది. ఇదే శ్రీకాకుళం నుంచి ఎంతోమంది గల్ఫ్‌కు వెల్డింగ్, ఫిట్టింగ్ పనులకు వెళ్తున్నారు. ఉద్దానం నీళ్లు తాగి పెరిగి, ఒమన్ ఎండలో పనిచేసేవాళ్ల విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం. ఆ ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లు ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

చెబితే పంపించేస్తారేమో

ఇంతవరకు చదివి "నర్సు దగ్గరికి పోయి టెస్టు చేయించుకోండి" అంటే చాలామంది నవ్వుతారు. వాళ్ల భయం వేరు. రిపోర్టు బాగాలేదని తెలిస్తే కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కించేస్తుందని. అప్పు తీరలేదు, చెల్లి పెళ్లి ఉంది, ఇల్లు సగంలో ఆగింది. అందుకే కాళ్లు వాచినా షూ లేసు వదులు చేసుకుని పనికి పోయేవాళ్లున్నారు.

నా దృష్టిలో అసలు చిక్కు ఇదే, నర్సు చదువు కాదు. క్యాంపు నర్సుకు జీతం ఇచ్చేది కంపెనీ. రిపోర్టు మొదట చేరేది హెచ్‌ఆర్ టేబుల్ మీదకు. అలాంటి నర్సుకు ఎంత శిక్షణ ఇచ్చినా కార్మికుడు నిజం చెప్పడు. పైగా శిక్షణ పెరిగేకొద్దీ ఎవర్ని పంపించేయాలో ముందే పసిగట్టే కన్నుగా మారే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి అధికారంతో పాటు గోప్యత కూడా రావాలి. కంపెనీకి వెళ్లే కాగితంలో ఉండాల్సింది "ఫలానా పనికి సరిపోతాడు, ఫలానా పనికి మూడు నెలలు వద్దు" అనే మాట వరకే. క్రియాటినిన్ ఎంత అన్నది కార్మికుడికీ, వైద్యులకూ మధ్య ఉండాలి. ఆ నర్సు జవాబు చెప్పాల్సింది కూడా కంపెనీ మేనేజరుకు కాకుండా ఒక ఆసుపత్రి కిడ్నీ విభాగానికి అయితే మేలు. ఆరోగ్య శాఖ తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చు పనేమీ కాదు. ఒక స్పెషలిస్టు ఫోన్లో అందుబాటులో ఉండి, పది క్యాంపుల నర్సులను నడిపించవచ్చు.

కంపెనీలకు కూడా ఇందులో లాభమే. 1.3 దగ్గర పట్టుకున్న మనిషిని నీడలోకి మార్చి, నొప్పుల గోలీ ఆపించి, బీపీ మందు ఇస్తే ఇంకా ఏళ్ల తరబడి పనిచేస్తాడు. పట్టుకోకపోతే ఒకరోజు మెడలో ట్యూబు వేసి అత్యవసరంగా డయాలసిస్ చేయించి, ఆసుపత్రి బిల్లు కట్టి, టికెట్ కొని పంపాలి.

అప్పటిదాకా జీతం సంగతి తెలిసి ఉండాలి. 2023 చట్టం ప్రకారం డాక్టరు సర్టిఫికెట్ ఉంటే ఏడాదిలో 182 రోజుల వరకు సిక్ లీవ్ ఉంటుంది. మొదటి 21 రోజులు పూర్తి జీతం, 22 నుంచి 35వ రోజు దాకా 75 శాతం, 36 నుంచి 70 దాకా సగం, 71 నుంచి 182 దాకా 35 శాతం. "రెండు రోజులు పడుకుంటే జీతం కోస్తారు" అని క్యాంపులో ఎవరో అన్న మాట విని ఆసుపత్రికి పోకుండా ఉండొద్దు. సర్టిఫికెట్ ఫొటో తీసి ఇంటికి వాట్సాప్‌లో పంపండి, కాపీ రెండు చోట్ల ఉంటుంది.

ఇంటి పనిలో ఉన్న అక్కచెల్లెళ్లు

క్యాంపు నర్సు గురించి ఎంత మాట్లాడినా అందులో చేరని వాళ్లున్నారు. కడప, అన్నమయ్య, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు. వాళ్లకు ఎండ తక్కువ, కానీ పని గంటలకు లెక్క లేదు. నీళ్లు తాగే తీరిక ఉండదు, మూత్రం ఆపుకుంటారు. మూత్రంలో మంట వస్తే సిగ్గుపడి చెప్పరు. అది పైకి పాకితే చలిజ్వరం, నడుం పక్కన నొప్పి వస్తాయి. మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీకే మచ్చ పడుతుంది. ఇంటి పనివాళ్లకు 2023 కార్మిక చట్టం వర్తించదు, వాళ్లకు వేరే నిబంధనలు. వాళ్లకు నర్సు అంటే ఫోనే. ఇంటి నుంచి మాట్లాడే తల్లో, భర్తో "డబ్బులు పంపావా" తో పాటు "మంట ఏమైనా ఉందా, జ్వరం వస్తోందా" అని కూడా అడగండి. జ్వరంతో పాటు నడుం నొప్పి ఉంటే ఆగొద్దు, మేడమ్‌కు చెప్పి క్లినిక్‌కు తీసుకెళ్లమనాలి. వినకపోతే మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికి ఇంటి నుంచే ఫిర్యాదు పంపవచ్చు. ప్రాణం మీదకు వస్తే ఒమన్‌లో అత్యవసర నంబరు 9999.

తిరిగి రావాల్సి వస్తే

కొందరు డయాలసిస్ దశలోనే ఇంటికి చేరతారు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చేలా తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో జీవో ఇచ్చింది, ఒమన్ కూడా ఆ జాబితాలో ఉంది. మంచిదే. కానీ కిడ్నీలు పోయి బతికి వచ్చినవాడికి అలాంటి ప్రత్యేక సాయం అందులో లేదు. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు పోయే మనిషి మళ్లీ మేస్త్రీ పని చేయలేడు. అతనికి కూడా గల్ఫ్ విధానంలో చోటు ఉండాలని అడగాల్సింది మనమే.

ఉన్నవాటిని వాడుకోవాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. అందులో లక్ష రూపాయల వరకు, ఒక్కో అడ్మిషన్‌కు 50 వేల వరకు ఆసుపత్రి ఖర్చు వస్తుంది. చేరిన 12 నెలల లోపు జబ్బు వల్ల కంపెనీ పని మాన్పిస్తే విమాన టికెట్ కూడా వస్తుంది. ఆ పాలసీ నంబరు ఇంట్లో రాసిపెట్టుకోవాలి, చాలామందికి అలాంటిది ఉందనే తెలియదు. చేతిలో ఏమీ లేనివాళ్లకు ఎంబసీ దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అత్యవసర వైద్యానికి, టికెట్‌కు అడగొచ్చు. ఊరికి వచ్చాక తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ ఉచితం. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌లలో కేంద్రాలున్నాయి. డయాలసిస్ రోగులకు ఆంధ్రాలో నెలకు 10,000, తెలంగాణలో 2,016 రూపాయల పింఛను ఉంది. ఏళ్ల తరబడి బయట ఉన్నవాళ్ల పేరు రేషన్ కార్డులో ఉందో, తీసేశారో ఇంటివాళ్లు ఇప్పుడే చూసి పెట్టండి. మనిషి దిగాక చూస్తే డయాలసిస్ రోజులు పోతాయి.

ఇక్కడ మళ్లీ నర్సు దగ్గరికే వస్తాం. ఊళ్లో డయాలసిస్ సెంటరు కొత్త రోగిని తీసుకునేముందు కొన్ని కాగితాలు అడుగుతుంది. ఒమన్ ఆసుపత్రిలో అవి రాసి ఇవ్వగలిగింది మిషన్ దగ్గర రోజూ చూసిన నర్సే. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి రిపోర్టులు, తేదీతో. అవి లేకపోతే ఏ మిషన్ మీద పడుకోబెట్టాలో తెలియక ఆపేస్తారు. నీరు తీసేశాక ఉండాల్సిన బరువు ఎంత, ఎన్ని గంటలు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎంత ఇస్తున్నారు, చివరి డయాలసిస్ ఏ రోజు చేశారు. ఫిస్టులా ఏ చేతికి ఉంది, మెడలో ట్యూబు ఉంటే ఎప్పుడు వేశారు. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనీయొద్దు, అక్కడ రక్తం తీయనీయొద్దు, ఆ చేతితో సూట్‌కేసు మోయొద్దు. కంపెనీ పీఆర్వో టికెట్ బుక్ చేసేముందు నర్సును అడిగి, డయాలసిస్ అయిన మరుసటి రోజుకు తీసుకోమనండి. ఆ కాగితాల ఫొటోలు మనిషి బయల్దేరకముందే ఇంటికి పంపితే, ఇంటివాళ్లు దగ్గర్లోని సెంటరుకు చూపించి తర్వాతి డయాలసిస్‌కు బెడ్ ముందే అడిగి పెట్టవచ్చు.